బీరువాలో బజారు

మిట్టమధ్యాహ్నం వీధిలో స్టీలు సామాన్లవాడి కేక వినపడగానే మా కోనసీమ ఇళ్లలో బీరువాలు తెరుచుకునేవి. రెండు ప్యాంట్లకు ఒక గ్లాసు, నాలుగు నేతచీరలకు ఒక బేసిను, జరీ ఉన్న పట్టుచీరైతే ఏకంగా మూత డబ్బా. "చీర చివికిపోయిందమ్మా, దీనికేం వస్తుందండీ" అని అతను. "చీర సంగతి వదిలెయ్యి, అంచు చూడవయ్యా" అని ఈవిడ. అరగంట వాదులాడుకున్నాక ఇద్దరూ నెగ్గామనుకునేవారు. నెగ్గింది మాత్రం అతనే. పాతకాలపు అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత. కాల్చి కరిగిస్తే వెండి మిగులుతుంది. ఆ లెక్క కొనేవాడికి తెలుసు, కట్టుకున్నావిడకి తెలీదు.

ఇప్పుడు అదే ఇంటి మనవరాలు అలాంటి అంచు కోసం రాత్రిళ్లు ఫోనులో వెతుకుతోంది. "వింటేజ్ లుక్" అని పేరు పెట్టి, పాలియెస్టరు మీద పాత డిజైను అచ్చుగుద్దిన గుడ్డకి వేలకు వేలు పోస్తోంది. అసలుది మామ్మగారి బీరువా కింది అరలో కలరా ఉండల వాసన పట్టి మగ్గుతోంది. బజారు ఇంట్లోనే ఉండగా ఊరంతా తిరగడమెందుకన్నదే నా గోల.

ఈ పాతమోజు మా వైపు బాగా ముదిరింది 2018లో 'మహానటి' వచ్చాకే. ఆ సినిమా దుస్తులకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. హాలు నుంచి బయటికొచ్చిన అమ్మాయిలు తిన్నగా టైలరు దగ్గరికెళ్లి బుట్టచేతులు పెట్టమన్నారు, మోచేతుల దాకా జాకెట్లు కుట్టమన్నారు. అంతకు చాలా ముందు నుంచే బాపు బొమ్మ మన కళ్లలో ఉండనే ఉంది. ఆయన 1933లో పుట్టింది నరసాపురంలోనే. ఆ బొమ్మలోలాగే లంగావోణీ, వాలుజడ, కాటుక కళ్లు అన్నీ సమకూర్చుకుని పాపికొండల లాంచీల్లోనూ, రాజమండ్రి ఘాట్లలోనూ పెళ్లికి ముందు ఫొటోలు దిగని జంట ఇప్పుడు తక్కువ.

ఫొటోకి అదంతా సరిపోతుంది. ఆఫీసుకి, కాలేజీకి, బ్యాంకుకి అలా వెళ్లలేం కదా. జడగంటల నుంచి కాలి పట్టీల దాకా అన్నీ పాతవే వేసుకుంటే స్కూలు వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం చేసే పిల్లలా ఉంటాం. చూసినవాళ్లు "ఏం వేషం?" అని అడుగుతారు. అందుకే నాదొక సూత్రం. ఒంటి మీద పాతది ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ ఈనాటివి, సాదావి అయి ఉండాలి. చీర పాతదైతే జాకెట్టు నేటి కోతతో కుట్టించుకోవాలి. నగ పాతదైతే బట్ట ఒకే రంగులో ఉండాలి. ఆ ఒక్కటీ కంటికి ఆనడానికి చుట్టూ ఖాళీ కావాలి. ఖర్చు తగ్గే కిటుకూ అక్కడే ఉంది. సాదా బట్టకి పెద్దగా ధరుండదు. రాజమండ్రి తాడితోటలోనో, ద్వారపూడిలోనో టోకు దుకాణాల్లో ఓపిగ్గా తిరిగితే మంచి నూలు గుడ్డ దొరుకుతుంది. అమలాపురం పక్కన బండారులంకలో మగ్గం చీరలే ఉన్నాయి.

మా మేనకోడలు రాజమండ్రిలో ఉద్యోగం చేస్తోంది. మా అమ్మ పెళ్లినాటి చిలకాకుపచ్చ పట్టుచీర, మెరూన్ రంగు పెద్దంచుది, దాని కంటపడింది. "అత్తా, ఇది ఆఫీసు ఫంక్షనుకి కట్టేస్తాను" అంది. ముందు టైలరమ్మాయికి చూపిద్దామని తీసుకెళ్లాను. ఆ అమ్మాయి చీరని బల్ల మీద పరిచి ఊరుకోలేదు. రెండు చేతులా ఎత్తి ట్యూబులైటుకి అడ్డం పెట్టింది. అప్పుడు కనపడింది. మడత పడ్డ ప్రతిచోటా సన్నటి గీతలాగా వెలుతురు వస్తోంది. ఇన్నేళ్లూ చీర ఒకే మడత మీద ఉండిపోయింది మరి.

"గుడ్డ బాగానే ఉందండీ, మడతే చంపేసింది. కడితే కుచ్చిళ్ల దగ్గర పరపరా చిరిగిపోద్దండి" అంది.

"మరి దీన్నేం చెయ్యమంటావమ్మా?"

"అంచులు గట్టిగా ఉన్నాయండి, పమిట కూడా గట్టిగానే ఉంది. అంచు విప్పి సాదా కుర్తాకి చేతులకీ, కిందా వేసుకోవచ్చు. పమిటతో చేతుల్లేని పొడుగు కోటు వస్తది. మధ్య గుడ్డ మాత్రం నన్నడక్కండి."

పని ఎలా చేసిందో దగ్గర కూర్చుని చూశాను. అంచుని మొదలంటా కోసెయ్యలేదు. చీర ఒంటి గుడ్డని వేలి వెడల్పున అంచుతోపాటు వదిలి కోసింది. ఆ మిగులు లోపలికి మడిస్తేనే కుట్టుకి పట్టు ఉంటుందట, జరీ పోగులు ఊడిరావట. లైనింగు నూలుగుడ్డని ముందు రాత్రంతా నీళ్లలో నానేసి ఆరేసుకు రమ్మంది. అలా చెయ్యకపోతే మొదటి ఉతుక్కే అది ముడుచుకుని పైన పట్టుని లాగేస్తుంది. కోటు కుట్లన్నీ లైనింగు మీదే పడేలా వేసింది. చెయ్యెత్తినప్పుడు, వంగినప్పుడు పడే లాగుడంతా కొత్త గుడ్డే మోస్తుంది, పాతది పైన హాయిగా కూర్చుంటుంది. ఆ కోటుని తెల్ల కుర్తా, జీన్సు మీద వేసుకుని మా పిల్ల ఇంటికొస్తే మా అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "నా పెళ్లి చీర లాగు మీదికి వేశావుటే!" అంది. కాసేపాగి దగ్గరికి పిలిచి, అంచు మీద చెయ్యేసి, "ఈ హంసల వరస నాకు గుర్తే లేదే" అంది. "అన్నేళ్లు బీరువాలో పెడితే ఎలా గుర్తుంటుంది మామ్మా" అని పిల్ల జవాబు.

అలాగని కత్తెర చేతికొచ్చింది కదా అని అన్నిటికీ పెట్టకూడదు. ఉప్పాడ జమ్దానీ ఇంట్లో ఉంటే దాని జోలికి పోకండి. పడుగు పేకల నడుమ విడి పోగుని చేత్తో దూర్చి, పువ్వు తర్వాత పువ్వు నేస్తారు దాన్ని. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరగేసి చూడండి, అసలుదైతే వెనక కూడా పువ్వు శుభ్రంగానే ఉంటుంది. మరమగ్గం నకలైతే వెనక తెగిన పోగుల పీచు చేతికి తగులుతుంది. కట్టడానికి పనికొచ్చే చీరని కట్టుకోవాలంతే. కొత్తదనం కావాలంటే కాలరున్న జాకెట్టు వేసుకోండి, అన్నయ్య తెల్లచొక్కా చేతులు మడిచి దాని మీదే కట్టుకోండి. చిరిగిన చీరకే కత్తెర.

మగపిల్లలకీ ఇందులో వాటా ఉంది. తాతగారి జరీకండువా పెళ్లిళ్లలో భుజాన వేసుకోవడానికే పుట్టలేదు, నల్ల చొక్కా మీద మెడ చుట్టూ వేసుకున్నా ఒప్పుతుంది. నాన్నగారి కీ ఇచ్చే హెచ్.ఎం.టి. వాచీ డ్రాయరులో ఆగిపోయి ఉంటుంది. శుభ్రం చేయించి కొత్త పట్టీ వేయిస్తే చాలు. 70లలో వీధులు ఊడ్చిన బెల్‌బాటమ్ కూడా వేరే పేరుతో మళ్లీ వచ్చింది. ఆనాటిది దొరికినా నడుం దగ్గర పట్టదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. నగల విషయంలో కృష్ణా జిల్లా ఉండనే ఉంది. కాసులపేరు, బుట్టలు, చెంపస్వరాలు కావాలంటే బందరు చిలకలపూడి రోల్డుగోల్డు చూడండి. దొంగల భయం లేదు, అప్పు చెయ్యక్కర్లేదు.

ఏది పాత పద్ధతో, ఏది నిన్నటి సినిమా పద్ధతో తేల్చుకోవాలంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకి వెళ్లిరండి. 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు ఆయన. ఆ బొమ్మల్లో ఆడవాళ్ల కట్టూ బొట్టూ నూరేళ్ల వెనకటివి. రంగుకి పక్క రంగు ఎలా కుదిరిందో కాసేపు నిలబడి చూస్తే, ఏ షాపువాడూ చెప్పని పాఠం అక్కడ దొరుకుతుంది.

దాచుకోవడం కూడా రావాలి. మనది నీళ్ల సీమ. 1986 వరదలకీ, 1996 తుపానుకీ తడిసి పాడైన ట్రంకు పెట్టెలెన్నో. వానలు రాకపోయినా గాలిలోని తేమే బట్టకి బూజు పట్టిస్తుంది. పట్టుచీరని ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, పాత పంచెముక్కలో చుట్టండి. అప్పుడప్పుడూ తీసి నీడపట్టున గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. కలరా ఉండ జరీకి తగలకుండా చూడండి. గంజి పెట్టిన నూలుచీరని గంజితోనే దాచారంటే వెండిపురుగులకి విందు చేసినట్టే.

ఇక నరసాపురం లేసు మాట చెప్పకుండా ముగించలేను. మన ఇళ్లలో ఒకప్పుడు రేడియో మీద, తర్వాత టీవీ మీద కప్పిన అల్లిక గుడ్డ ఉండేది. దాన్ని రెండుగా కోసి అంచు కుట్టేస్తే సాదా జాకెట్టుకి అచ్చంగా పాత సినిమాల నాటి కాలరు వస్తుంది. ఇప్పుడు పెద్ద ఊళ్లలో అదే ఫ్యాషను. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన విద్య అది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్లు వంటా వార్పూ అయ్యాక అరుగుల మీద కూర్చుని, కొక్కెం సూదితో అల్లి దేశాలకి పంపారు. జర్మనీ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి చూసి 1982లో పుస్తకం రాసింది. సరుకు ప్రపంచ బజారుకి పోతోంది, అల్లినవాళ్లు మాత్రం లెక్కల్లో ఇల్లాళ్లుగానే మిగిలారు, వాళ్లది పనే కాదన్నట్టు కూలీ పీసుకి చిల్లర లెక్కన పడుతోంది అని ఆమె తేల్చింది. ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు 2024లో గాని రాలేదు.

పొదుపు ఎక్కడ చెయ్యాలన్నది అందుకే ముఖ్యం. బ్రాండు పేరు మీద మిగల్చండి, అచ్చుగుద్దిన నకలు మానేసి మిగల్చండి, సీజనుకో చీర కొనడం మానేసి మిగల్చండి. వేలల్లో ఖర్చు తప్పించిన టైలరమ్మాయి దగ్గర మాత్రం యాభై రూపాయలకి బేరం ఆడొద్దు. లేసు అల్లేవాళ్ల దగ్గర నేరుగా కొనే వీలుంటే కొనండి, అడిగినంతా ఇవ్వండి.