డోర్నకల్‌లో ఒక స్నేహితుని జ్ఞాపకం



కాజీపేట నుండి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మహబూబాబాద్, గార్ల దాటాక, ఖమ్మం రాకముందు డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం వెళ్లే లైను ఇక్కడి నుండే చీలుతుంది. ఆ ఊరి స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. బొగ్గు బండ్లు తిరిగే దారి ఇది. ప్రయాణికులలో చాలామందికి డోర్నకల్ అంటే బండి మారే చోటు. మన సంఘాల వారికి మాత్రం అది బిషప్ అజరయ్యగారి ఊరు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. తరువాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది.

2024 నవంబరులో మేము ముగ్గురు కాపరులం కలిసి అక్కడికి వెళ్లాము. వేదాంత పాఠశాలలో మేము నలుగురం ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లం. నాలుగో స్నేహితుడు అంతకు ఏడాది ముందు, తన 46వ ఏట, మూత్రపిండాల జబ్బుతో ప్రభువునందు నిద్రించారు. ఆయన స్వగ్రామం డోర్నకల్‌కు దగ్గరలోనే ఉంది. సంవత్సరపు జ్ఞాపకార్థ కూడికకు వెళ్లి, మరునాడు ఆయన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని దేవాలయం చూడటానికి బయలుదేరాము. తన పేరు ఎక్కడా రాయించుకోవటం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. అందుచేత ఇక్కడ కూడా రాయటం లేదు.

అది పత్తి ఏరే కాలం. దారి పొడవునా చేలల్లో స్త్రీలు నడుముకు ఒడి కట్టుకొని పత్తి తీస్తున్నారు. ఆటోలో మా స్నేహితుని కుమారుడు ముందు సీటులో కూర్చొని, తండ్రి చెప్పిన సంగతులు మాకు చెబుతూ వచ్చాడు. చిన్నప్పుడు నాన్న పండుగలకు ఎడ్ల బండిలో ఈ దారినే వచ్చేవారట. దేవాలయం కనబడగానే బండి దిగి నడవాలని వాళ్ల నాయనమ్మ నియమమట. మేము కూడా అక్కడే ఆటో ఆపించి నడిచాము.

చెట్ల మధ్య నుండి ఆ గుమ్మటాలు కనబడతాయి. కొత్తగా చూసేవారికి ఇది చర్చి అని వెంటనే తోచదు. గుమ్మటాలు మసీదులను గుర్తుకు తెస్తాయి, స్తంభాలు మన గుడి మండపాలను గుర్తుకు తెస్తాయి. అజరయ్యగారు కోరి అలా కట్టించారు. క్రీస్తును ఆరాధించటానికి ఈ దేశపు మనిషి పరాయి దేశపు ఇంట్లోకి వెళ్తున్నట్టు ఉండకూడదని ఆయన తలంపు. ఏళ్ల తరబడి పని సాగి, 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ఆ దేవాలయం ప్రతిష్ఠింపబడింది. తూర్పు దేశపు జ్ఞానులకు రక్షకుడు ప్రత్యక్షమైన దినం అది. దేవాలయానికి కూడా ఆ పండుగ పేరే పెట్టారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విలై అనే పల్లెలో ఒక కాపరి ఇంట పుట్టారు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఎన్నో ఊళ్లు తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించినప్పుడు ఆయన ముందున్నారు. 1909లో ఆ సొసైటీ పక్షాన తానే మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, ఎడ్ల బండిలో పల్లెపల్లె తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. మాల మాదిగ పల్లెల్లో ఆయన సువార్తతో పాటు మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు శత్రువులతో పోరాడటం నేర్పారు. బాప్తిస్మం పొందే ప్రతివారూ సాక్షులుగా బ్రతకాలని ఆయన పట్టుదల.

ఇవన్నీ మన సంఘాల్లో పెద్దలకు తెలిసినవే. అయితే మా స్నేహితునికి వీటన్నిటికంటె ఇష్టమైన సంగతి మరొకటి ఉండేది. 1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా దేశాలవారు కొద్దిమందే. 35 ఏళ్ల అజరయ్యగారు ఆ సభలో లేచి, విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య ఉన్న ఎడం గురించి దాపరికం లేకుండా మాట్లాడారు. మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయాన్ని తలచుకుంటూ, వారు చేసిన త్యాగాలకు కృతజ్ఞత చెప్పారు. చివరకు ఒక్కటే అడిగారు. డబ్బు కాదు, బడులు కాదు, స్నేహితులు కావాలని అడిగారు. కొందరు నొచ్చుకున్నారు. అయినా నూరేళ్లు దాటాక కూడా ఆ సభలో జరిగిన ప్రసంగాలలో ఇప్పటికీ తలచుకొనే ప్రసంగం అది.

అలాంటి స్నేహం ఎలా ఉంటుందో అజరయ్యగారు రుచి చూసినవారే. 1896లో అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ, ఆయన కలిసి పనిచేశారు, కలిసి ప్రయాణాలు చేశారు. 1902లో వారు యాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు స్వయంగా మిషనరీలను పంపటం చూసిన తరువాతనే తిరునెల్వేలి సొసైటీ ఆలోచన బలపడింది. కష్టకాలంలో ఆదుకొన్నవారే స్నేహితులని మనం అనుకుంటాము. ఒక మంచి పనికి మనలను లేపి నడిపించేవారు కూడా స్నేహితులే.

మా స్నేహితుడు అలాంటివారు. హాస్టలు గదిలో మాకు ఆయనే గడియారం. తెల్లవారుజామున లేచి, లాంతరు వెలిగించి, మా ముగ్గురి కాళ్లు తట్టి లేపేవారు. కాపరి అయిన తరువాత ఆయన చేతి సంచిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. అందులో ప్రసంగాలు ఉండేవి కావు. ఫలానా ఇంట్లో వడ్డీ అప్పు, ఫలానా ఇంట్లో పరీక్ష తప్పిన అబ్బాయి, ఫలానా ముసలమ్మకు కంటి మందు అయిపోయింది అని రాసి ఉండేవి. ఎవరి ఇంటికి వెళ్లినా ప్రార్థనకు ముందు "అన్నం తిన్నారా?" అని అడిగేవారు. తినలేదంటే, ఆ ఇంటివారు తినేదాకా కూర్చొని, తరువాత ప్రార్థన చేసేవారు. డయాలసిస్‌కు వెళ్లిన రోజుల్లో కూడా ఆ నోటుపుస్తకం దిండు కింద ఉండేది. చివరి నెలలో మేము చూడటానికి వెళ్లినప్పుడు, మాట రాక, అదే పుస్తకం తీసి మా చేతిలో పెట్టారు.

దేవాలయ ఆవరణలో అజరయ్యగారి సమాధి ఉంది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే ప్రభువు పిలుపు అందుకొన్నారు. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుండి ఆయన పాటుపడ్డారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినప్పుడు చూడటానికి ఆయన లేరు. మిగిలినవారు ఆ పని ముగించారు.

సమాధి దగ్గర నిలబడి ఉండగా మా స్నేహితుని కుమార్తె అడిగింది, "పెదనాన్నగారూ, ఈయన పోయాక వీళ్ల ఇంటివాళ్లను ఎవరు చూశారు?" ఆ అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. ఎందుకు అడిగిందో మాకు అర్థమైంది. కాపరి పోయిన తరువాత కొత్త కాపరి రావాలి, కాపరి ఇల్లు ఖాళీ చేయాలి. అందులో ఎవరి తప్పూ లేదు. కాని ఇరవై ఏళ్లు ఊరందరికీ అన్నం పెట్టిన అమ్మగారు ఒక్క రోజులో సామాను ట్రాక్టరు మీద వేసుకొని, పుట్టింటికీ అత్తింటికీ మధ్య దారి వెతుక్కోవాలి. ముందు రోజు ఆమె మాతో అన్నారు, "అన్నయ్యా, ఆదరణ కూడిక రోజున వెయ్యిమంది వచ్చారు. ఫ్లెక్సీలు కట్టారు. నాలుగో నెల నుండి ఫోను మోగటం లేదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న మాట చెప్పారు.

ఆ అమ్మాయికి మేము రెండవ సమూయేలు 9వ అధ్యాయం చెప్పాము. యోనాతాను చనిపోయినప్పుడు దావీదు ఏడ్చాడు, విలాప గీతం కట్టాడు. అది మొదటి అధ్యాయంలో ఉంది. అయితే కథ అక్కడ ఆగలేదు. ఏళ్లు గడిచి, రాజ్యం స్థిరపడిన తరువాత, యోనాతానును బట్టి మేలు చేయటానికి ఆ ఇంటివారు ఎవరైనా మిగిలారా అని దావీదు వాకబు చేశాడు. రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు లోదెబారులో ఎవరి ఇంట్లోనో తలదాచుకొని ఉన్నాడు. దావీదు మనుష్యులను పంపి పిలిపించాడు. పొలం తిరిగి ఇప్పించి, తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. చనిపోయిన స్నేహితుణ్ణి తలచుకోవటం అంటే ఏమిటో ఆ బల్ల చెబుతుంది. ఆదరణ కూడిక ముగిసిన చోట దావీదు పని మొదలైంది.

దేవాలయం మెట్ల మీద కూర్చొని, అమ్మగారు కట్టి ఇచ్చిన పులిహోర అందరం కలిసి తిన్నాము. అక్కడే కొన్ని సంగతులు మాట్లాడుకొన్నాము. అమ్మాయి చదువు, అబ్బాయి పని, ఇంటి పైకప్పు, ఏ నెల ఎవరు వచ్చి పోవాలి అన్నవి ఆ నోటుపుస్తకం ఖాళీ పేజీలో రాసుకొన్నాము. అబ్బాయే రాశాడు. అక్షరాలు అచ్చం తండ్రివే.

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ ఊరిలోనూ ఈ సంవత్సరం ఎవరో ఒకరు ప్రభువు సన్నిధికి వెళ్లి ఉంటారు. కాపరి కావచ్చు, ఉపదేశి కావచ్చు, మీతో పాటు నాట్లు వేసిన స్నేహితురాలు కావచ్చు. వారి ఇల్లు మీకు తెలుసు. కూడికకు వెళ్లారు, కన్నీరు కార్చారు, మంచిదే. ఇప్పుడు నూరవ రోజున వెళ్లండి. పిల్లల బడి ఫీజు కట్టే నెలలో వెళ్లండి. మొదటి క్రిస్మసుకు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూడండి. వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి ఉంచే అలవాటు మన స్త్రీలకు పాతదే. ఆ బియ్యంలో ఒక పాలు ఆ ఇంటికి చేరనివ్వండి. గుమ్మంలో నిలబడి, ప్రార్థనకు ముందు, అన్నం తిన్నారా అని అడగండి.

తన శిష్యులను దాసులనక స్నేహితులని పిలిచిన ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.