తార్నాకలో తాత బొటనవేలు

రాయదుర్గంలో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా తార్నాకలో దిగొచ్చు. మధ్యలో రైలు మారాల్సిన పనే లేదు. సీటు దొరికితే ఒక కునుకు కూడా తీయొచ్చు. ఇంత తేలికైన దారి ఉండి కూడా నేను మూడు నెలలు తాత దగ్గరికి పోలేదు. రాత్రిపూట ఫోన్ మాత్రం చేసేవాణ్ని.

"బాగున్నవా తాతా?"

"బాగున్న బిడ్డా. తిన్నవా?"

అంతే. నిమిషం కూడా పట్టేది కాదు.

మొన్న చలికాలంలో ఒక శనివారం సాయంత్రం వెళ్లాను. సందు మొదట్లో కిరాణా షాపాయన నన్ను ఆపి, "తమ్మీ, తాత ఖాతా కొంచెం చూస్తవా? రెండు నెలలైంది" అన్నాడు. మా తాత అప్పు పెట్టే మనిషి కాదు. ఇంటికి పోయి అడిగితే ముందు మాట దాటేశాడు. తర్వాత చెప్పాడు. పెన్షన్ పడి రెండు నెలలైందట.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బిజీ ఉంటవ్ గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు కూడా లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తాత ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఆయనకు వచ్చేది ఈపీఎఫ్‌ఓ ఇచ్చే ఈపీఎస్-95 పెన్షన్. పెద్ద మొత్తమేం కాదు. కానీ నానమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు కాబట్టి మందులకు, కిరాణాకు సరిపోతుంది. ఆ డబ్బు ఆగకుండా రావాలంటే ఏడాదికోసారి బతికే ఉన్నానని రుజువు చూపించాలి. అదే లైఫ్ సర్టిఫికెట్. తాత ఒక సెంటర్‌కు మూడుసార్లు వెళ్లాడట. ప్రతిసారీ వేలిముద్ర మెషిన్ బొటనవేలిని ఒప్పుకోలేదట. చేతులు కడుక్కుని ఒకసారి, కొబ్బరినూనె రాసుకుని ఒకసారి, చూపుడువేలితో ఒకసారి. "మళ్లా రా పెద్దాయనా" అన్నారట. నాలుగోసారి ఆయనే పోలేదు.

ఆ వేలు చూశాను. నున్నగా అద్దంలా ఉంది. టికెట్ మెషిన్లు రాకముందు బస్సులో కాగితం టికెట్లు చింపిన వేలు అది. ఎన్ని లక్షలు చింపిందో లెక్కే లేదు. అందరికీ టికెట్ ఇచ్చి తన గుర్తు పోగొట్టుకుంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లాగిన్ స్క్రీన్లు రాస్తాను. 'మళ్లీ ప్రయత్నించండి' అని ఎర్ర అక్షరాలు చూపించేది మేమే. ఆ అక్షరాల ముందు డెబ్బై నాలుగేళ్ల మనిషి మూడుసార్లు నిలబడి ఇంటికి తిరిగొస్తాడని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున ఆరింటికి తాత లేపాడు. "నడువ్, క్యాంపస్ తిరిగొద్దాం."

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా వైపు తిరిగితే ముందు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ వస్తుంది. తమిళనాడులోని కూనూరులో 1918లో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది కూడా 1918లోనే. అంటే వందేళ్లు దాటిన ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కనే ఉన్నారన్నమాట. ఆ దారిన పొద్దున్నే నడిచేవాళ్లలో ఎక్కువమంది కూడా తల నెరిసినవాళ్లే. మంకీ క్యాపులు, మఫ్లర్లు, చేతికర్రలు, మనవలు కొనిచ్చిన తెల్ల షూలు.

చుట్టుపక్కల ఎవరుంటారో ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. ఒకవైపు లాలాగూడ రైల్వే క్వార్టర్లు. ఇంకోవైపు ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. మధ్యలో ఆర్టీసీ హాస్పిటల్. ఇటు యూనివర్సిటీ. వీటిలో పనిచేసినవాళ్లు చాలామంది రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పిల్లలేమో మాదాపూర్‌కో, డాలస్‌కో పోయారు. తార్నాకలో ఏ వీధిలో చూసినా పెద్ద గేటు, మామిడి చెట్టు, లోపల ఇద్దరో ఒక్కరో.

ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి చేరేసరికి ఎండ మొదలైంది. 1939లో ప్రారంభమైన ఆ గ్రానైట్ భవనం మీద తొలి వెలుగు పడినప్పుడు రాయి గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఉద్యమం అనగానే మనకు గుర్తొచ్చేది ఆ మెట్లే. తాతకు మాత్రం వేరేది గుర్తొస్తుంది. "స్టూడెంట్ పాసులోళ్లు ఒక్కసారి ఎక్కిన్రంటే ఫుట్‌బోర్డు కనవడకపోతుండె. ఒక్క టికెట్ తెగకపోతుండె" అని నవ్వాడు.

ఒక చెట్టు కింద రెండు సిమెంట్ బెంచీలున్నాయి. తాత బ్యాచ్ అక్కడ కూర్చుంటుంది. ఒక రైల్వే గార్డు, యూనివర్సిటీ లైబ్రరీలో చేసిన ఒకాయన, ఇద్దరు టీచరమ్మలు, ఇంకో ముగ్గురు నలుగురు. అందరూ రిటైరైనవాళ్లే. తాతను 'కండక్టర్ సాబ్' అంటారు. వాళ్లలో ఒక టీచరమ్మ రామంతాపూర్ నుంచి సిటీ బస్సులో వస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం కదా. "జీరో టికెట్ వచ్చినంక ఇల్లు కదుల్తున్న నాయనా. అంతకుముందు ఆటోకు పైసలెవరు పెడ్తరు?" అంది.

తాత పెన్షన్ సంగతి నేనే బయటపెట్టాను. ఆయనకు నచ్చలేదు. కానీ రైల్వే తాత వెంటనే అందుకున్నాడు.

"వేలు ఎందుకయ్యా? ముఖంతో అయితది కద!"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. రోజూ ముఖం చూపించి ఫోన్ తెరిచే నాకు, అదే పద్ధతిలో పెన్షన్ పని అవుతుందని ఎనభైకి దగ్గరపడ్డ మనిషి చెప్పాల్సి వచ్చింది.

మీ ఇంట్లోనూ ఒక పెన్షనర్ ఉండి ఉంటారు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబర్‌లో వచ్చింది. మొదట్లో వేలిముద్ర లేదా కంటిపాపతోనే అయ్యేది. 2021 నవంబర్‌లో ముఖంతో చేసే పద్ధతి కూడా తెచ్చారు. ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్. ముందు ఫోన్ పట్టుకున్న మనిషి 'ఆపరేటర్'గా తన ఆధార్, తన ముఖం చూపించాలి. తర్వాత పెన్షనర్ ఆధార్ నంబరు, మొబైల్‌కు వచ్చే ఓటీపీ, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి, కెమెరా ముందు కళ్లార్పితే చాలు. ప్రమాణ్ ఐడీ మెసేజ్‌లో వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబర్‌లో ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లకు అక్టోబర్ 1 నుంచే వీలుంటుంది. ఈపీఎస్-95 వాళ్లు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. కదల్లేనివాళ్లయితే పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికే పిలిపించుకుని చేయించుకోవచ్చు.

ఆ బెంచీ మీదే కూర్చుని చేశాం. మొదటిసారి వెలుతురు ఎక్కువై తప్పింది. చెట్టు నీడలోకి జరిగాం. "కళ్లు మూసి తెరువు తాతా" అన్నాను. గట్టిగా మూశాడు, ఇంజెక్షన్ చేయించుకునే పిల్లాడిలాగా. తెరిచాడు. ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

"అయిపాయెనా?"

"అయిపోయింది."

"గింతేనా!" అన్నాడు. ఆ 'గింతేనా'లో రెండు నెలల కిరాణా ఖాతా ఉంది.

తర్వాత అక్కడే ఇంకో గంట కూర్చున్నాను. ఆ బెంచీలకు బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. పని మాత్రం నడుస్తుంది. ఎవరైనా రెండ్రోజులు వరసగా రాకపోతే మూడోరోజు ఒకరు ఇంటికి పోయి చూసొస్తారు. ఒకాయన బీపీ మందులు అయిపోతున్నాయంటే, ఆటువైపు పోయే ఇంకొకాయన తెస్తాడు. లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసమని, వెంటనే 1930కి చెప్పాలని టీచరమ్మ అందరికీ పాఠంలా అప్పజెప్పించింది.

లైబ్రరీ తాత జేబులో చిన్న డైరీ ఉంది. మొదటి పేజీలో పెద్ద అంకెల్లో 14567 అని రాసుకున్నాడు. అది ఎల్డర్ లైన్. ఇప్పుడు దేశమంతా ఉన్న ఈ సర్వీసు మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి మొదలుపెట్టాయి. 2021 అక్టోబర్ 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు దాన్ని జాతికి అంకితం చేశారు. వారంలో ఏ రోజైనా పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా మాట్లాడొచ్చు. పెన్షన్ సందేహం, చట్టం గురించి సలహా, ఇంట్లో వేధింపులు, రోడ్డు మీద వదిలేసిన పెద్దవాళ్లు, ఊరికే ఎవరితోనైనా మాట్లాడాలనిపించడం, దేనికైనా సరే.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పట్టించుకోని పిల్లల మీద పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. నెలకు పదివేల దాకా భరణం ఇప్పించొచ్చు. "అందుల 'పిల్లలు' అంటే కొడుకు, బిడ్డ మాత్రమే కాదు. మేజరైన మనవడు, మనవరాలు కూడా వస్తరు" అని నా వైపు చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తిరిగొచ్చేటప్పుడు తార్నాక చౌరస్తాలో ఇంకోటి చూశాను. తాత రోడ్డు దాటడు. మెట్రో స్టేషన్ లిఫ్ట్ ఎక్కి, టికెట్ గేట్ల బయటి నుంచే నడిచి, అవతలి వైపు లిఫ్ట్‌లో దిగుతాడు. "కింద బండ్లు ఆగయి బిడ్డా" అన్నాడు. ఆ లిఫ్ట్ అక్కడుందని నాకు తెలుసు. అది మా తాతకు వంతెన అని తెలియదు.

రైలెక్కాక ఆలోచించాను. హెల్ప్‌లైన్ ఉంది, చట్టం ఉంది, యాప్ ఉంది, బస్సుంది, లిఫ్టుంది. తాత రెండు నెలలు అప్పు పెట్టింది ఇవి లేక కాదు. వాటికీ ఆయనకూ మధ్య ఒక మనిషి లేక. యాప్ మొదటి స్క్రీన్‌లోనే ఆ మాట అడుగుతుంది: ఆపరేటర్ ఎవరు? అక్కడ ఎవరో ఒకరు తమ ముఖం చూపించాలి. నేను 'తాతా, యాప్ డౌన్‌లోడ్ చేసుకో' అని ఫోన్‌లో చెప్పి ఊరుకునే రకం. బెంచీ మీద ఉన్నవాళ్లేమో పక్కన కూర్చుని చేసి చూపించే రకం.

ఆగిపోయిన రెండు నెలలదీ కలిపి పెన్షన్ తర్వాత పడింది. తాత ముందు కిరాణా ఖాతా కొట్టేయించి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. నేను ముందు చేయకుండా ఆయనే చేయడం అదే మొదటిసారి.

"ఐతారం వస్తున్నవా?"

"వస్తా తాతా. ఏమైంది?"

"ఏం కాలే. మన బెంచీ కాడ ఇంకో ఇద్దరికి వేలు పడ్తలేదట. మా మనవడు చేస్తడని చెప్పిన. ఆధార్ కార్డు తెచ్చుకోమన్న. ఆరున్నరకల్లా ఉండాలె, ఎండెక్కితే మళ్ల ఫోటో సక్కగ రాదు."

శనివారం రాత్రే పోతున్నాను.