పాత డ్రమ్మరే అసలు డ్రమ్మరా?

డ్రీం థియేటర్ ఆల్బమ్ ‘పారసోమ్నియా’ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 2010లో వెళ్ళిపోయిన డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ తిరిగొచ్చాక ఇదే మొదటిది. అభిమానులంతా ఒకటే మాట: "అసలు బ్యాండ్ మళ్ళీ వచ్చింది!" ఆల్బమ్ నాకూ నచ్చింది, ముఖ్యంగా చివర్లో ఉన్న 19 నిమిషాల పాట. కానీ ఆ ‘అసలు’ దగ్గరే నాకు పేచీ. ఇంజినీరింగ్ హాస్టల్లో నేను వీళ్ళని వినడం మొదలెట్టేసరికి డ్రమ్స్ మీదున్నది మైక్ మాంజీని. 13 ఏళ్ళు, 5 ఆల్బమ్‌లు, 2022లో బ్యాండ్‌కి మొదటి గ్రామీ. ఇవన్నీ నకలేనా?

మన ఆఫీసుల్లో చూడట్లేదూ! కోడ్ మొదట రాసినవాడే హీరో. అర్ధరాత్రి లేచి ఏళ్ళ తరబడి దాన్ని నిలబెట్టినవాడు ఎవరికీ గుర్తుండడు. నేనూ ఆ రెండో రకమే లెండి, అందుకే ఈ ఉడుకుమోత్తనం. మీరేమంటారు?