పండగుందని పదును ఆగుతుందా?

శరత్తు అనగానే కవులకు వెన్నెల గుర్తుకు వస్తుంది. కడపలో ఇల్లు నడిపే మాబోటివాళ్లకు మాత్రం పనులే గుర్తుకు వస్తాయి. ఆశ్వయుజం వస్తున్నదంటే అటకమీది సామాను దించాలి, గోడలకు సున్నం వేయించాలి, బొమ్మల పెట్టె విప్పాలి. బడికి సెలవులు ఇస్తారు. ఆ సెలవులు పిల్లలకే గాని తల్లులకు కావని మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరు దసరా చూడాలని చుట్టాలు దిగుతారు. వాళ్లను సాగనంపేలోగా దీపావళి, ఆ వెనుకనే కార్తీక సోమవారాలు. ఈ మధ్యలో ఈశాన్య ఋతుపవనం వచ్చి, ఎండబోసిన చెనిక్కాయలను రోజుకు నాలుగుసార్లు లోపలికీ బయటికీ మోయిస్తుంది.

సరిగ్గా ఈ రెండు నెలల్లోనే నాకు రాయాలనిపిస్తుంది. ఎండాకాలంలో కాస్త తీరిక దొరుకుతుంది గాని, కడప ఎండకు మిద్దెమీది వడియాలతోపాటు మెదడు కూడా ఎండిపోతుంది.

నేను రాస్తున్నది ఒక నవల. మా అత్తగారి వూరు కోయిలకుంట్ల దగ్గర కుందేటి వొడ్డున ఒక పల్లె. 2022 నుంచి అది నంద్యాల జిల్లా. మా అత్తకు మాత్రం ఇప్పటికీ కర్నూలు జిల్లాయే. ఆమెకు 84 యేళ్లు. 1952 కరువులో గంజి కేంద్రం ముందు ముంత పట్టుకుని వరసలో నిలబడ్డ పదేళ్ల పిల్ల ఆమె. ఎవరు ఏ నగ అమ్మి గింజలు తెచ్చుకున్నారో, ఏ తల్లి తాను తిన్నానని అబద్ధం చెప్పి పిల్లలకు పెట్టిందో, పశువులను తోలుకుపోయిన మగవాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లు ఇళ్లు ఎట్లా నిలబెట్టారో ఆమెకు తెలుసు. అదే నా నవల. ఆ సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు, ఆమె దగ్గరే వున్నాయి. అయితే నిరుడు చెప్పిన పేర్లు ఈ యేడు చెప్పలేకపోతున్నది. “నోట్లోనే ఆడ్తాందమ్మా, బయటికి రావడంల్యా” అంటుంది. తీరిక చిక్కాక రాద్దామనుకుంటే అప్పటికి చెప్పేవాళ్లు వుండరు.

మావారు నాకు ధైర్యం చెప్పడానికి పెద్దల కథలు ఎత్తుకుంటారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొరగారు కంపెనీ కొలువు చేస్తూనే తెలుగు నేర్చుకున్నారు. తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు. ఆ బంగళా వున్న చోటనే ఈనాడు ఆయన పేరిట భాషాపరిశోధన కేంద్రం వుంది. నిజమే, గొప్ప సంగతే. కాని బ్రౌన్ దొరగారికి పొయ్యిమీద పప్పు అడుగంటుతుందన్న దిగులు లేదు గదా!

అన్నమయ్య సంగతి చూడమంటారు. 1408లో మన తాళ్లపాకలో పుట్టి, రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా 32 వేలు పాడారని చెప్తారు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఉపాధ్యాయవృత్తిలో వుంటూనే కావ్యాలు రాశారు. వారి భార్య కనకమ్మగారూ కవయిత్రే. కవులు ఇద్దరున్న ఇంట్లోనూ పూటపూటా పొయ్యి వెలగవలసిందే గదా అని నాకు కాస్త ఊరట కలిగేది అక్కడ. అంతకంటే నచ్చింది వీరబ్రహ్మంగారి కథ. బనగానపల్లెలో అచ్చమ్మగారి పశువులను కాస్తూ, అవి మేస్తున్నంతసేపూ రవ్వలకొండ గుహలో తాటాకులమీద కాలజ్ఞానం రాశారని మావైపు చెప్పుకుంటారు. పశువులు మేసేటంత సేపు! మా ఇంట్లో కుక్కర్ మూడు కూతలు కూసేటంత సేపు అనుకోండి.

అయితే నా చిక్కు విడదీసింది ఈ మహానుభావులెవరూ కారు. దసరాకు నాలుగు రోజుల ముందు మా మరిది ఫోను చేశాడు: “వదినా, వాన పడింది. పప్పుశనగ ఇత్తనం వేస్తాండాం. పండక్కి రాలేం.” ఆ వూరి నేల నల్లరేగడి. వానాకాలమంతా చాలా చేలను ఖాళీగా వుంచి దున్నుకుంటారు. ఆ వానలన్నీ నేల తాగి దాచుకుంటుంది. అక్టోబరులో మళ్లీ వాన పడగానే శనగ వేస్తారు. ఆ తర్వాత చినుకు రాలకపోయినా, లోపలి తేమ మీద, చలికాలపు మంచు మీద మూడు నెలల్లో పంట చేతికి వస్తుంది. కాని విత్తే రోజు తప్పకూడదు. మరీ తడిగా వుంటే గొర్రు నడవదు. ఆరిపోతే గింజ మొలవదు. ఆ నడిమి నాలుగు రోజులనే పదును అంటారు.

పండక్కి కూడా రాకపోతే ఎట్లా అని నేను గొణిగితే, మా అత్త బుడ్డలు వొలుస్తూ తలెత్తకుండానే, “పండగుందని పదును ఆగుతాదా?” అన్నది.

ఆ మాట నా పనికి కూడా వర్తిస్తుందని ఆ రాత్రి తోచింది. మర్నాటి నుంచి ఇంట్లో కొన్ని మార్పులు చేశాను. తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు మూడు మెట్లయింది. చక్కిలాలూ నిప్పట్లూ అంగట్లో కొన్నాం. చూడవచ్చిన పేరంటాళ్లు పైకి ఏమీ అనలేదు, వాళ్ల కళ్లు అన్నాయి. మా అత్త మాత్రం పైకే అన్నది: “అంగడి తిండి పెట్టి నువ్వు రాసేదేందమ్మా అంత?” పొద్దున నీళ్లు పట్టడం, కాఫీ కలపడం మావారి వంతు అయింది. సాయంత్రం అత్తాకోడళ్లం చాట ముందు పెట్టుకుని కాయలు వొలుస్తాం. ఆమె చెప్తుంది, నేను వింటాను. మా అమ్మాయి సెల్‌ఫోనులో రికార్డు చేయబోతే ఆమె కొంగు సవరించుకుని గొంతు మార్చేసింది, కథ ఆగిపోయింది. అందుకని ఫోను మానేశాం. అందరూ పడుకున్నాక విన్నది ఒక పేజీ రాస్తాను. ఒక్క పేజీయే.

ఒకనాడు అట్లా రాసింది ఆమెకు చదివి వినిపించాను. గంజి వరస దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. మా వూళ్లో చెనిక్కాయలనరు, బుడ్డలంటారు, దిద్దుకో అన్నది. కాసేపు వూరుకుని, తన వెనక నిలబడిన పిల్ల పేరు చెప్పింది. వారం రోజులుగా నోట్లోనే ఆడుతున్న పేరు అది. ఆ పిల్ల ఆ యేడు బతకలేదట. “రాస్కో” అన్నది. అంగడి చక్కిలాల మాట మళ్లీ ఎత్తలేదు.

మహాలయ అమావాస్య నుంచి కార్తీక పున్నమి దాకా 45 రోజులు. అందులో 31 పేజీలు తేలాయి. మిగిలిన రోజులను చుట్టాలు కొన్ని, జ్వరాలు కొన్ని పట్టుకుపోయాయి. నవల పూర్తి కావడానికి ఇంకా ఎన్ని శరత్తులు పడతాయో గాని, ఆ పిల్ల పేరు ఇప్పుడు కాగితం మీద వుంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటి పెద్దామె వుంటే, పండగలు వెళ్లిపోనీ అనుకోకండి. ఇవాళే ఒక నోటుపుస్తకం తెచ్చుకుని, చాట తీసుకుని ఆమె పక్కన కూర్చోండి.