దూరమూ - కాలమూ

మానవుడు దూరాన్ని తొలుత అడుగులతో కొలిచాడు; ఆ పిమ్మట క్రోసులతో, ఆమడలతో, యోజనాలతో కొలిచాడు. హనుమంతుడు నూరు యోజనాల సముద్రాన్ని లంఘించాడని చెప్పిన రామాయణమే, శ్రీరాముడు పుష్పక విమానంపై అయోధ్యకు మరలిన వృత్తాంతాన్నీ చెప్పింది. ఆ తిరుగు ప్రయాణంలో ప్రధానమైనది దూరం కాదు, కాలం. గడువు తీరిన నాటికి అన్న రాకుంటే అగ్నిలో ప్రవేశిస్తానని భరతుడు ప్రతిన పూని ఉన్నాడు.

నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో పిల్లలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు అనేకులు. వారికి కూడా దూరం కాలంగానే అనుభవానికి వస్తుంది. 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం నుండి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి అతి దగ్గరి దారి సుమారు 13,300 కిలోమీటర్లు. గోడ పటంలో ఆ దారి పడమరకు సాగేటట్లు తోస్తుంది. గోళంపై దారం పరచి చూస్తే ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండింటి నడుమ ఎక్కడా ఆగని విమానాన్ని ప్రారంభించింది. తరువాత అది నిలిచిపోయింది.

దుబాయి మీదుగా పోతే పెరిగే దూరం సుమారు 900 కిలోమీటర్లే; విమానానికి అది గంట ప్రయాణం. అయినా, విమానం మారడానికి వేచి ఉండే సమయం కలిసి మొత్తం ఇరవై గంటలు దాటుతుంది. కోదాడ నుండి శంషాబాద్‌కు రోడ్డుపై మూడు నాలుగు గంటలు, అక్కడ తనిఖీలకై మరి మూడు గంటలు. ప్రయాణికుని కాలాన్ని హరించేది ఆకాశం మాత్రమే కాదు, నిరీక్షణ కూడా.

గడియారం చేసే వింత వేరు. షికాగో మనకంటె వేసవిలో పదిన్నర గంటలు, శీతకాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ తెల్లవారుజామున బయలుదేరినవాడు సాధారణంగా అదే తేదీన అక్కడ దిగుతాడు. అక్కడ రాత్రి ఎనిమిదింటికి విమానమెక్కినవాడు ఇరవై గంటలు ప్రయాణించి ఇక్కడ దిగేసరికి మూడవ తేదీ వస్తుంది. పోయేటప్పుడు మిగిలినట్లున్న దినం వచ్చేటప్పుడు ఖర్చవుతుంది.

ఈ లెక్క బరువు ఇంట్లో పెద్దలకు ప్రాణం మీదికి వచ్చిన నాడు తెలుస్తుంది. ఫోనులో కబురు క్షణంలో షికాగో చేరుతుంది. కొడుకు మాత్రం టికెట్టు సంపాదించి, సముద్రాలు దాటి, సూర్యాపేట వీధిలో అడుగు పెట్టడానికి రెండు రాత్రులు గడవాలి. ఆ లోగా ప్రాణం పోతే ఫ్రీజర్ పెట్టె వస్తుంది. "ఎక్కడి దాకా వచ్చిండట?" అని బంధువులు ఒకరినొకరు అడుగుతారు. తలకొరివి వేళను విమానం వేళ నిర్ణయిస్తుంది.

శ్రీరాముడు తన రాకను ముందుగా తెలుపుమని భరతుని వద్దకు హనుమంతుని పంపాడు. ఆ వార్త వెంట మనిషి సకాలంలో చేరాడు గనుక భరతుడు దక్కాడు. మన కాలంలో వార్తకు వేగం అపారంగా పెరిగింది. మనిషికి అంతగా పెరగలేదు. దూరదేశం పోవడం దోషం కాదు. విద్య కోసం, జీవిక కోసం పోవలసిందే. అయితే పోయేవారు కిలోమీటర్లతో పాటు ఈ గంటలను కూడా లెక్కించుకోవాలి. అపాయం కబురు విని పరుగెత్తి వచ్చే ప్రయాణం కంటె, ఏ కబురూ లేనప్పుడు ఊరికే చూచి పోదామని వచ్చే ప్రయాణం మేలు. తల్లిదండ్రులు కన్నులారా చూచుకోగలిగేది దానినే.