హంపి వెళ్తున్నారా? పాత ఫొటో వెంట తీసుకెళ్లండి!

మనలో ఎవరింటికి వెళ్లి ఆల్బమ్ తిరగేసినా ఒకటే వరస. గుడి ముందు నలుగురు, కోట ముందు నలుగురు, జలపాతం ముందు నలుగురు. అందరూ బారుగా నిలబడి, చేతులు కట్టుకుని, ఎండకి కళ్లు చిట్లించి... వెనకున్నది ఏ గుడో, ఏ ఊరో చెప్పమంటే ఆ ఇంటివాళ్లే తడుముకుంటారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఒక్క పూటలో మూడొందల ఫొటోలు తీసేస్తున్నాం. ఇంటికొచ్చాక వాటిని మళ్లీ చూసే తీరిక ఎవరికుంది చెప్పండి!

ఫొటోలు తియ్యొద్దని కాదు నేననేది. రాయి శాశ్వతం అనుకుంటాం గానీ, రాయీ పడిపోతుంది, గోడా కూలుతుంది, ఒక్కోసారి వీధికి వీధే మాయమవుతుంది. అప్పుడు మనలాంటి వాళ్లు తీసిన ఫొటోయే సాక్ష్యం అవుతుంది. ఈ సంగతి నాకు హంపి నేర్పింది. అందుకే ఆ ఊరి గురించీ, అక్కడ ఫొటోలు తియ్యడం గురించీ నాలుగు మాటలు.

రాయలవారి రాజధాని

హంపి కర్ణాటకలో, తుంగభద్ర ఒడ్డున ఉంది. హోసపేట నుంచి 13 కిలోమీటర్లు. మనవైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేట వెళ్తుంది. 1336లో మొదలైన విజయనగర సామ్రాజ్యానికి ఇదే రాజధాని. ఆముక్తమాల్యద రాసిన శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఇక్కడి నుంచే ఏలాడు. అందుకే తెలుగువాళ్లు హంపిని పరాయి ఊరనుకోరు. 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్ అనే పారశీక రాయబారి ఇక్కడి బజారులో గులాబీల అమ్మకం చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. అంతటి నగరం 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక కొద్ది నెలల్లోనే పాడుబడిపోయింది. 1986లో యునెస్కో వాళ్లు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

రథం మీద గోపురం ఏదీ?

యాభై రూపాయల కొత్త నోటు మీ పర్సులో ఉంటే ఒకసారి తీసి వెనక్కి తిప్పండి. ఆ బొమ్మ హంపిలోని విఠలాలయంలో ఉన్న రాతిరథం. దాన్ని చూసినవాళ్లంతా ఎప్పుడూ అలాగే ఉండేదనుకుంటారు. కానీ ఒకప్పుడు దాని మీద ఇటుకలతో కట్టిన గోపురం ఉండేది. మనకెలా తెలిసిందంటారా? ఒక ఫొటో వల్ల!

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే కంపెనీ సైన్యపు అధికారి పెద్ద కెమెరా మోసుకొచ్చి హంపి అంతా తిరిగి ఫొటోలు తీశాడు. అప్పటికి మన దేశంలో ఫొటో అనే మాటే కొత్త. ఆయన నెగటివ్‌లు ఫిల్ము కాదు, కాగితం. ఆ ఫొటోలో రథం మీద ఇటుక గోపురం స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో అది లేకుండా పోయింది. నూట పాతికేళ్ల తర్వాత, 1980లలో, జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ ఆ పాత ఫొటోలు పట్టుకుని వచ్చి, గ్రీన్‌లా నిలబడిన చోట్లే నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పోయిందో, ఏది మిగిలిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకనిపించింది, ఈ పని మనమూ చెయ్యొచ్చు కదా అని. పెద్ద కెమెరా ఏమీ అక్కర్లేదు. పాత ఆల్బమ్ ఉంటే చాలు.

బజారులో నీలం తలుపు

మాది కర్నూలు. 2004లో మావారు, నేను, మా అత్తగారు హంపి వెళ్లాం. అప్పుడు మా దగ్గరున్నది రీలు కెమెరా. ముప్ఫై ఆరు ఫొటోలు, అంతే! ఒక్కొక్కటీ లెక్క చూసుకుని తీసేవాళ్లం. విరూపాక్షస్వామి గుడి ముందు ముప్పావు కిలోమీటరు దాకా సాగే పెద్ద బజారు ఉంది. అటూ ఇటూ రాయలనాటి రాతి మండపాలు. అప్పట్లో ఆ మండపాల్లో జనం కాపురాలుండేవారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య గోడలు పెట్టుకుని, తలుపులు బిగించుకుని, ముందువైపు టిఫిన్ కొట్లూ పూసల కొట్లూ నడుపుకునేవారు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. నడవలేక ఒక కొట్టు అరుగు మీద కూలబడ్డారు. ఆ కొట్టావిడ చంకలో పిల్లని వేసుకునే వచ్చి, "తాగు అవ్వా" అని చెంబుతో నీళ్లిచ్చింది. నేను కెమెరాని గోపురం వైపు తిప్పుతుంటే అత్తగారు ఆపారు. 

"రాళ్లెక్కడికీ పోవులే అమ్మాయ్. ఈ పిల్ల తల్లిని తియ్యి, నన్నూ తియ్యి."

తీశాను. అత్తగారు, చెంబు, ఆ తల్లీ పిల్లా, వాళ్ల వెనక మండపం, పక్కింటి నీలం రంగు తలుపు, ఆ తలుపు ముందు ముగ్గు. అన్నీ పడ్డాయి.

2011 జులైలో ఆ బజారు మండపాల్లోని ఇళ్లూ కొట్లూ తీసేశారు. అవి రక్షిత కట్టడాలు, వాటిలో కాపురాలుండకూడదన్నది చట్టం. మండపాల మేలు కోసమే కావచ్చు. కానీ తరాల తరబడి అక్కడే పుట్టి పెరిగిన వాళ్లకి అది ఇల్లు కదా! ఆ కుటుంబాలకి కడ్డిరాంపురం వైపు స్థలాలు చూపించారు.

2023 డిసెంబరులో మా అమ్మాయిని తీసుకుని మళ్లీ వెళ్లాం. అత్తగారు అప్పటికి లేరు. ఆవిడ ఫొటో నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మండపాలు వరసగా ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. అత్తగారు కూర్చున్న చోటు ఏదో పోల్చుకోవడానికి మా అమ్మాయి స్తంభాల చెక్కడాలు ఫొటోతో సరిచూస్తూ నడిచింది. మండపాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏమీ తేలలేదు. చివరికి గుడి దగ్గర అరటిపళ్లు అమ్ముకుంటున్న ఒకావిడకి చూపించాం. ఆవిడ ఆ తల్లీ పిల్లల్ని చూడలేదు, మా అత్తగారిని చూడలేదు. వేలితో ఆ నీలం తలుపు మీద తట్టింది.

"అక్కా, ఇది మా ఇల్లు!"

ఆ ఇంటికి కోడలుగా వచ్చిందట. ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారట. "ఇంటి ఫొటో ఒక్కటీ లేదక్కా. రోజూ ఉండే ఇంటికి ఎవరు ఫొటో తీస్తారు?" అంది. నిజమే కదా! మా అమ్మాయి అక్కడికక్కడే ఆ ఫొటోని సెల్‌లో తీసి, వాళ్లబ్బాయి ఫోనుకి పంపించింది. ఆవిడ మాకు డజను అరటిపళ్లిచ్చి డబ్బులు తీసుకోనంది. బలవంతాన చేతిలో పెట్టాల్సి వచ్చింది. మా అత్తగారు నీళ్లు తాగిన అరుగు ఏదో కూడా ఆవిడే తీసుకెళ్లి చూపించింది. నన్ను అక్కడ కూర్చోబెట్టి మా అమ్మాయి ఫొటో తీసింది.

మేం వచ్చిన ఐదారు నెలలకే, 2024 మేలో, వానలకి ఆ గుడి ముందు వీధిలోని సాలు మండపంలో కొంత భాగం కూలిపోయిందని పేపర్లో చూశాం. అత్తగారి మాట ఒకటి మాత్రం నిజం కాలేదన్నమాట. రాళ్లు కూడా పోతాయి!

ఫొటో తీసేటప్పుడు

ముందు దూరంగా నిలబడి కట్టడం మొత్తం పడేలా ఒకటి తియ్యండి. తర్వాత దగ్గరికి వెళ్లి చెక్కడాలు తియ్యండి. ఉత్త రాళ్లు తీస్తే ఎంత ఎత్తో తెలియదు కాబట్టి ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. విరూపాక్ష గోపురం దాదాపు 50 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. కింద మనిషి ఉంటేనే ఆ ఎత్తు అర్థమవుతుంది.

డాబా మీద వడియాలు పెట్టినప్పుడు మీరు చూసే ఉంటారు. నడినెత్తిన ఎండ ఉంటే అన్నీ చదునుగా కనిపిస్తాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో ఒక్కో వడియానికీ ఒక్కో నీడ పడి ముద్దుగా ఉంటాయి. చెక్కడాలూ అంతే. మహానవమి దిబ్బ మీది ఏనుగులు, నాట్యకత్తెలు, హజారరామాలయం గోడల మీది రామాయణం పొద్దున గానీ సాయంత్రం గానీ తియ్యండి. ఫ్లాష్ వేస్తే గీతలన్నీ చెదిరిపోయి తెల్లగా వస్తుంది. గోపురం తూర్పు ముఖం కాబట్టి బజారు వైపు నుంచి పొద్దున్నే బాగా వస్తుంది. సూర్యాస్తమయానికి హేమకూటం గుట్ట ఎక్కండి.

ఉగ్రనరసింహుడని అందరూ పిలిచే 6.7 మీటర్ల ఏకశిలా విగ్రహం నిజానికి లక్ష్మీనరసింహుడు. 1528లో చెక్కారు. ఒడిలో ఉండాల్సిన లక్ష్మీదేవి విరిగిపోయింది. స్వామి నడుం వెనక ఆవిడ చెయ్యి మాత్రం మిగిలింది. ఎదురుగా తీసిన ఫొటోలో ఆ చెయ్యి కనిపించదు. పక్కకి జరిగి వెతుక్కోండి. ఆ అమ్మవారి జాడ అంతే మిగిలింది మరి!

పిల్లలకి కెమెరా ఎలా పనిచేస్తుందో చూపించాలంటే విరూపాక్షాలయం వెనక భాగంలోని చీకటి గదికి తీసుకెళ్లండి. సన్నని సందులోంచి వెలుగు వచ్చి, ఎదురుగోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. కెమెరా లోపల జరిగేదీ అదే. మా అమ్మాయి ఇంటర్‌లో పుస్తకంలో చదివింది అక్కడ కళ్లారా చూసింది.

రాళ్లెక్కి ఫొటోలొద్దు

2019 ఫిబ్రవరిలో హంపిలో కొందరు కుర్రాళ్లు ఒక రాతిస్తంభాన్ని తోసి పడేసిన వీడియో దేశమంతా తిరిగింది. కోర్టు వాళ్లకి మనిషికి 70,000 రూపాయల జరిమానా వేసి, ఆ స్తంభాన్ని వాళ్ల చేతే మళ్లీ నిలబెట్టించింది. మన పిల్లలకి ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పడం మంచిది. రాతిరథం చుట్టూ ఇప్పుడు అడ్డు కట్టారు, ముట్టుకోనివ్వరు. విఠలాలయంలో సంగీత స్తంభాల్ని కొట్టి చూడకూడదు. డ్రోను ఎగరెయ్యాలన్నా, స్టాండు పెట్టి తియ్యాలన్నా అనుమతి కావాలి. విరూపాక్ష గుడిలో పూజలు జరుగుతాయి కాబట్టి అడిగి తియ్యండి. అక్కడి మనుషుల్ని తీసేటప్పుడూ అంతే, ఒక్క మాట అడగండి. ఎవరూ కాదనరు.

విఠలాలయం టికెట్ పారెయ్యకండి. అదే రోజు పద్మమహలు, పదకొండు గదుల ఏనుగుశాల ఉన్న ఆవరణకీ పనికొస్తుంది. బళ్లు ఆపే చోటు నుంచి విఠలాలయానికి కిలోమీటరు పైనే, బ్యాటరీ బండ్లు ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఎండాకాలంలో రాళ్లు పెనంలా కాలతాయి, పూజలు జరిగే గుడుల్లో చెప్పుల్లేకుండా నడవాలి. పల్చటి సాక్సు తీసుకెళ్లండి. రెండు పూటలకి పులిహోర, చపాతీలు సర్దుకుంటే తిరగడానికి తీరిక మిగుల్తుంది.

ఇంటికొచ్చాక

అసలు పని ఇక్కడే ఉంది. ఫోనులో ఉన్న వందల్లోంచి పది పన్నెండు ఏరి కాగితం మీద వేయించండి. ఫోను పోతే ఫొటోలూ పోతాయి. ఒక్కోదాని వెంట చిన్న చీటీ పెట్టండి. ఏ ఊరు, ఏ కట్టడం, ఏ నెల, ఏ సంవత్సరం, ఎక్కడ నిలబడి తీశారు, ఫొటోలో ఎవరెవరున్నారు. బాల్‌పెన్‌తో వెనక నొక్కి రాస్తే ముందుకి అచ్చు పడుతుంది, అందుకే చీటీ. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటో కొన్నేళ్లకి అతుక్కుపోయి రాదు. ఆమ్లం లేని (యాసిడ్ ఫ్రీ) కాగితం కవర్లే మేలు.  

ఈ శలవులకి హంపే అక్కర్లేదు. లేపాక్షి, ఓరుగల్లు కోట, గండికోట, మీ ఊరి పాడుబడ్డ శివాలయమైనా సరే. ఇంట్లో పాత ఫొటో ఉంటే పట్టుకెళ్లండి. అదే చోట నిలబడి మళ్లీ ఒకటి తియ్యండి. పాత ఫొటో లేకపోతే మొదటిది మీరే తియ్యండి. రాళ్లతో పాటు అక్కడ పూలమ్మే ఆవిడా, టీకొట్టూ, పక్కింటి తలుపూ పడనివ్వండి. ఎవరికి ఏది కావాల్సి వస్తుందో మనకేం తెలుసు!