కింద పడ్డా పైచేయి

2004 డిసెంబర్ 31 రాత్రి ఒసాకా డోమ్‌లో జరిగిన ఒక పోటీ వీడియోని నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఒకవైపు అకెబోనో. హవాయిలో పుట్టి, జపాన్ వెళ్ళి, 1993లో సుమోలో అన్నిటికన్నా పెద్దదైన యొకొజునా హోదా అందుకున్న మొదటి విదేశీయుడు. ఆరడుగుల ఎనిమిదంగుళాల ఎత్తు, రెండొందల కిలోలకు పైనే బరువు. ఎదురుగా బ్రెజిలియన్ జూజిట్సు వీరుడు రాయిస్ గ్రేసీ. అకెబోనోలో సగం కూడా తూగడు. కాసేపటికే ఇద్దరూ నేల మీదకొచ్చారు. గ్రేసీ కింద, కొండంత మనిషి పైన. ఇంకేముంది, అయిపోయిందనుకుంటాం. అయిపోయిన మాట నిజమే. కాకపోతే కిందివాడు కాళ్ళతోనే పైవాడి చెయ్యి చిక్కించుకుని భుజం మెలిపెట్టాడు. 2 నిమిషాల 13 సెకన్లకల్లా అకెబోనో ఓటమి ఒప్పుకున్నాడు.

కింద పడ్డా పైచేయి నాదేనంటే మనం నవ్వుతాం. గ్రేసీ కుటుంబం దాన్నే వృత్తి చేసుకుంది.

ఆ పోటీ చూశాకే నాకు ఆటలు చూడటంలో ఒక అలవాటు ఏర్పడింది. ఎవడు బలవంతుడు, ఎవడు వేగంగా కదులుతాడు అనేవి తర్వాత. ఈ ఆటలో ఓడిపోవడం అంటే ఏమిటి అన్నది ముందు చూస్తాను. సుమోలో అరికాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకి తగిలినా, పాదం బరి దాటినా ఓడినట్టే. బరి అడ్డకొలత 4.55 మీటర్లు. చాలా పోటీలు కొన్ని సెకన్లలోనే తేలిపోతాయి. ఆ కొన్ని సెకన్ల కోసం పదిహేనేళ్ళ వయసు నుంచీ తెల్లవారుజామునే లేచి సాధన చేస్తారు. కాలు పక్కకి ఎత్తి దబ్బున నేలకేసి తొక్కడం, బొటనవేళ్ళు మట్టిని వదలకుండా పాదాలు జరుపుతూ నడవడం, కాళ్ళు రెండూ పక్కలకి చాపి ఛాతీ నేలకి ఆనించడం. అంత లావు మనిషి అలా చీలినట్టు కూర్చుని ముందుకి వంగుతుంటే చూసేవాళ్ళకి తొడలు లాగుతాయి. వీళ్ళది వట్టి కొవ్వేనని వెక్కిరించేవాళ్ళు ఆ ఒక్కటీ చేసి చూపించాలి.

సాధనలో భాగంగా ఎదుటివాణ్ణి బరి అంచు దాకా నెట్టి, వాడు విసిరేస్తే దొర్లి లేవడం కూడా నేర్పుతారు. కాబట్టి పడటం వాళ్ళకి వచ్చు. పడ్డాక అక్కడే ఉండి పోరాడటం రాదు. ఎందుకొస్తుంది? వాళ్ళ ఆటలో ఆ సమయమే లేదు. అకెబోనో, గ్రేసీ ఆడిన ఎంఎంఏలో, అంటే అన్ని రకాల పోరాట విద్యలూ కలిసిన ఆటలో, సగం ఆట మొదలయ్యేదే అక్కడ. గ్రేసీ వీపు నేలని తాకిన క్షణాన అకెబోనో ఒళ్ళు మాత్రం గెలిచేశాననే అనుకుని ఉంటుందని నా ఊహ. మన గోదాలో కుస్తీ పట్టే వస్తాదుకీ ఇదే చిక్కు. వీపుకి మన్ను అంటితే అక్కడితో సరి.

ఇంకో సంగతి, పట్టు. సుమో వస్తాదు నడుముకి మవాషి అనే కట్టు ఉంటుంది. ఎన్నో ఎత్తులు దాన్ని దొరకబుచ్చుకోవడం మీదే నడుస్తాయి. ఎంఎంఏలో నిక్కరు తొడుక్కుని, చెమటతో జారిపోయే మనిషిని ఎక్కడని పట్టుకుంటాడు? పైగా బిగించిన పిడికిలితో కొట్టడం సుమోలో నిషిద్ధం. 1993 నవంబర్‌లో డెన్వర్‌లో జరిగిన మొట్టమొదటి యూఎఫ్‌సీ ఎంఎంఏ పోటీల్లో తెయిలా తూలి అనే మాజీ సుమో వస్తాదు తల వంచుకుని దూసుకెళ్ళాడు. ప్రత్యర్థి గెరార్డ్ గోర్డో పక్కకి తప్పుకున్నాడు. తూలి ముందుకి పడి, లేవబోతుండగా మొహం మీద ఒక్క తన్ను. పన్ను ఎగిరిపోయింది. మొత్తం 26 సెకన్లు. సుమోకి అప్పుడు పడ్డ మచ్చ ఇప్పటికీ పోలేదు.

అయితే ఈ సాక్ష్యం ఎంతవరకు న్యాయం? తూలి సుమోలో జీతం వచ్చే స్థాయికి చేరకముందే బయటికొచ్చినవాడు. అకెబోనో అరిగిపోయిన మోకాళ్ళతో 2001లో రిటైరై, రెండేళ్ళ పైచిలుకు శిష్యులకి పాఠాలు చెప్పి, ఆ తర్వాత కొత్త రింగెక్కినవాడు. 2003 చివరి రోజున బాబ్ సాప్ చేతిలో అతను బోర్లా పడుతుంటే, జపాన్‌లో ఏటా జనం కళ్ళప్పగించి చూసే ఎన్‌హెచ్‌కే పాటల కార్యక్రమాన్ని కూడా కొన్ని నిమిషాల పాటు ఈ పోటీ వీక్షకుల లెక్కలో దాటేసింది. నిర్వాహకులకి కావలసిందీ అదే. వయసులో, ఊపులో ఉన్న యొకొజునా ఎవడూ ఇటు రాడు. అక్కడ పరువుంది, జీతముంది, రిటైరయ్యాక గురువుగా ఉండిపోయే దారి ఉంది. మనకి కనిపించేదంతా పైకి వెళ్ళలేకపోయినవాళ్ళు, పని అయిపోయినవాళ్ళు.

వాళ్ళలోనూ ఎస్టోనియా మనిషి బరుతో పరవాలేదనిపించాడు. సుమోలో రెండో పెద్ద హోదా ఒజెకి దాకా ఎదిగి, మోకాలి దెబ్బతో 2013లో తప్పుకున్నాడు. 2015 చివర్లో ఎంఎంఏలోకి దిగి పీటర్ ఆర్ట్స్ మీద, తర్వాత ఫుజితా మీద గెలిచాడు. ఆ పైన మిర్కో క్రో కాప్ మోకాటి దెబ్బకి నిమిషం తిరక్కుండానే కూలబడ్డాడు. తర్వాత సొంత దేశం వెళ్ళి పార్లమెంటు సభ్యుడయ్యాడు, అది వేరే బరి.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది లియోటో మచీడా. పుట్టుకతోనే కరాటే ఇంటివాడు. కుర్రతనంలో బ్రెజిల్‌లో సుమో కూడా ఆడాడు. 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అతన్ని పడగొట్టడం ఎంత కష్టమో, అవతలివాడు బరువు మార్చుకునే క్షణంలో అతను కాలు తీసేయడం ఎంత సులువుగా ఉండేదో చూస్తే సుమో వృథా పోలేదనిపిస్తుంది. బరువుని వదిలేసి తూకాన్ని తెచ్చుకున్నాడు.

బరువు తెచ్చుకుందామన్నా ఇప్పుడు కుదరదు. యూఎఫ్‌సీ హెవీవెయిట్ హద్దు 120 కిలోలు. సుమో పై తరగతి వాళ్ళలో ఎక్కువమంది తూకం దగ్గరే వెనుదిరగాలి. ముప్పై, నలభై కిలోలు దించుకుంటే మొదటి ఢీలో ఉండే ఆ ఊపు మిగలదు. నా లెక్కన దీనికి సరిపోయే సుమో వస్తాదు ఒక్కడే ఉండేవాడు, చియొనొఫుజి. కండలు తిరిగిన ఒళ్ళు, దాదాపు 125 కిలోలు, 31 టైటిళ్ళు. 1991లో రిటైరయ్యాడు, యూఎఫ్‌సీ పుట్టింది ఆ తర్వాత రెండేళ్ళకి. ఆయన్ని ఎవరైనా రెండేళ్ళు నేల మీద పడుకోబెట్టి పాఠం చెప్పి ఉంటే ఏమయ్యేదో చూడాలని ఉండేది. ఒప్పుకునేవాడని మాత్రం అనుకోను.